గురువారం చెప్పులు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది నమ్మడం సులువవుతుంది. బల్లి మీద పడితే ఇల్లంతా లేపుతాను. కరెంటు పోతే ఎవరో ఒకరు పలికేదాకా నిలబడ్డ చోటి నుంచి కదలను. పెళ్లయి విజయనగరం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చిన కొత్తలో, ఉక్కు ప్లాంటు వాళ్లు ఇనుము తీయగా మిగిలిన కరిగిన చిట్టెం పారబోస్తుంటే ఆకాశం ఎర్రబడింది. ఊరు తగలబడిపోతోందనుకుని మంచం కిందికి దూరాను. మా అత్త ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ ముచ్చట ఇప్పటికీ చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ నేను ఇంకొంచెం లోపలికి దూరినట్టు చెబుతుంది.

అలాంటి నా ఇంట్లో ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. పూర్వం వారానికో ఇంట్లో పెట్టుకునేవాళ్లం. ఒకసారి వైశాలి నగర్‌లో, ఒకసారి క్యాంప్ 1లో, ఒకసారి మా సెక్టర్ 6లో. అత్తకి మోకాళ్లు పట్టేసి మెట్లు దిగడం మానేశాక, ఆవిడ కోసమని అందరూ మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. మాది మొదటి అంతస్తు క్వార్టరు. గుమ్మం ముందు ఇద్దరు నిలబడితే నిండిపోయేంత చోటు, అక్కడి నుంచి మెట్లు. కూడిక రోజున ఆ చోటంతా చెప్పులే. చోటు చాలక పై మెట్టు మీద, దాని కింది మెట్టు మీద కూడా విడిచేవారు. అత్త గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, మొహాలు చూడకుండా చెప్పులు చూసే ఎవరొచ్చారో చెప్పేది. ఆవిడకి చెవులు సరిగా వినబడవు గానీ కళ్లకేం కాలేదు.

"రైల్వే ఆయన పెళ్లాం కొత్త సెప్పులు కొన్నాదే. మడమ ఎత్తు సూడు, పడిపోతాది" అనేది, ఆ రైల్వే ఆయన పెళ్లాం పక్కనే నిలబడి వినేంత గట్టిగా.

మా కింది క్వార్టర్లో ఉండే దీదీ పైకి రావలసి వస్తే ఆ చెప్పుల్ని కాలితో కాస్త పక్కకి తోసుకుని వచ్చేది. ఆవిడ ఇక్కడి మనిషే, ఛత్తీస్‌గఢీ ఆవిడ. వాళ్లాయనా మా ఆయనా ఒకే ప్లాంటు, వేరే వేరే విభాగాలు. ఆవిడ గుమ్మం ముందు తులసి కోట ఉంటుంది. తీజా పండక్కి ఠేఠరీ, ఖుర్మీ అని వాళ్ల పిండివంటలు చేసి పంపిస్తుంది. క్రిస్మస్‌కి నేను అరిసెలూ కేకూ పంపిస్తాను. ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతాను. నాకంటే పెద్దది కాబట్టి నేను దీదీ అంటాను, ఆవిడా నన్ను దీదీ అనే అంటుంది, భిలాయిలో అంతే. ఇన్నేళ్లలో మా పాటల గురించి, ప్రార్థనల గురించి ఆవిడ అడ్డంగా ఒక్క మాట అన్నది లేదు. అన్నదల్లా ఒకసారి ఎవరివో ఎర్ర చెప్పులు చూపించి, ఎక్కడ కొన్నారో కనుక్కోమని.

ఇలా ఉండగా ఆ వీడియో వచ్చింది.

ఎవరు తీశారో, ఏ బస్తీయో నాకు తెలియదు. మా చర్చి సంఘంలో ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి వచ్చి నా ఫోన్లో పడింది. ఒక చిన్న ఇంట్లో ప్రార్థన జరుగుతోంది. కొందరు కుర్రాళ్లు లోపలికి వచ్చారు. ఎవరు మీరు, ఎందుకు చేరారు, ఎవరిని మతం మారుస్తున్నారు అని అడుగుతున్నారు. పాస్టరుగారు ఏదో చెప్పబోతున్నాడు, చెప్పనివ్వడం లేదు. కొట్టింది లేదు. అంతకంటే ఎక్కువ ఏదో జరిగితే ఆ వీడియోలో లేదు. చివర్లో ఆడవాళ్లని బయటికి పంపేస్తున్నారు. వాళ్లలో నా వయసావిడ ఒకామె గుమ్మం ముందు చెప్పుల కుప్పలో తన జత కోసం వెతుక్కుంటోంది. ఒక కుర్రాడు ఆ కుప్పని కాలితో చెదరగొట్టాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, వెతకడం మానేసి ఉత్తకాళ్లతో వెళ్లిపోయింది. అక్కడితో వీడియో అయిపోయింది.

ఆ కాళ్లు నన్ను వదల్లేదు. కూరలో ఉప్పు వేస్తుంటే ఆ కాళ్లే, మిషన్ తొక్కుతుంటే ఆ కాళ్లే. నేనయితే ఏం చేస్తాను? వెతుక్కుంటానా, వదిలేసి పోతానా? ఏడుస్తానని మాత్రం తెలుసు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద ఆడవాళ్లందరినీ నిలబెట్టి మాట్లాడాడు. ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, సేఫ్టీ సూచనలు చెప్పినట్టు చెబుతాడు. "కొన్నాళ్లు జాగ్రత్తగా ఉందామమ్మా. ఇళ్లలో కూడికలు ఆపమని అనను. చెప్పులు మాత్రం బయట విడవొద్దు. కిటికీలు మూసుకోండి. కంజీరా వద్దు, చప్పట్లు వద్దు. పాట మెల్లిగా పాడుకోండి. కొత్తవాళ్లని ఎవర్నీ రానివ్వకండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతమందిలో ఆ మాటకి గట్టిగా ఆమెన్ అన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. ఇంటికొచ్చి అత్తకి చెవిలో అరిచి మరీ చెప్పాను. ఆవిడ నోట్లో తమలపాకు పక్కకి తోసి, "ఏటే, మనం దొంగసారా కాస్తన్నామేటి?" అంది.

ఆ గురువారం నుంచి చెప్పులు లోపలికొచ్చాయి. బియ్యం గోనె ఒకటి దులిపి మిషన్ కింద పెట్టాను. వచ్చినవాళ్లు వచ్చినట్టు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి ఆ గోనెలో పడేసేవారు. మూసిన కిటికీలు, తిరిగే ఫ్యాను, గోనెలోంచి చెమట వాసన. పాట పాడుతున్నామో మూలుగుతున్నామో తెలిసేది కాదు. అత్తకి తన గొంతు తనకే వినబడదు కదా, రెండో చరణానికల్లా గొంతు విప్పేసేది. నేను పక్కన కూర్చుని బండికి బ్రేకు తొక్కినట్టు ఆవిడ మోకాలు నొక్కేదాన్ని. ఆ మోకాలు అసలే నొప్పి. ఒకావిడ కంగారులో గోనెలోంచి తనదొకటీ వేరేవాళ్లదొకటీ వేసుకుని క్యాంప్ 1 దాకా వెళ్లిపోయింది. నవ్వుకోవలసిన విషయమే. ఎవరికీ నవ్వు రాలేదు.

దీదీ ఇంట్లో అప్పటికి కొన్నాళ్లుగా వాళ్ల అన్న కొడుకు ఉంటున్నాడు. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు. మంచివాడే. ఒకసారి మా గ్యాస్ సిలిండరు అడక్కుండానే భుజాన వేసుకుని పైకి తెచ్చి పెట్టాడు. అత్త కనబడితే వంగి కాళ్లకి దండం పెడతాడు. కానీ ఊరేగింపుల రోజుల్లో జెండాలు కట్టిన బైకుల గుంపులో అతన్ని నేను చూశాను. నీలం గళ్ల చొక్కా ఒకటి ఎక్కువగా వేస్తాడు. ఆ వీడియోలో చెప్పుల్ని చెదరగొట్టిన కుర్రాడికీ నీలం గళ్ల చొక్కాయే. మొహం కనబడదు. నీలం గళ్ల చొక్కాలు భిలాయిలో సగం మందికి ఉంటాయి, మా ఆయనకీ ఒకటుంది. అయినా ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. నిలబడే తీరు అతనిదే అనిపించేది. మళ్లీ చూస్తే కాదనిపించేది. మొత్తానికి ఆ కుర్రాడు మెట్ల మీద ఎదురైతే గోడకి ఒత్తిగిలి దారి ఇచ్చేసేదాన్ని.

ఒక రోజు కూరల సంచితో మెట్లెక్కుతుంటే అతను దిగుతూ ఆగాడు.

"ఆంటీ, ఆజ్‌కల్ ఆప్‌కే యహాఁ చప్పల్ నహీ దిఖ్‌తే?"

ఈమధ్య మీ గుమ్మం ముందు చెప్పులు కనబడటం లేదేం, అని. అంతే అడిగాడు, నవ్వుతూనే అడిగాడు. మానేశామనాలా? అది అబద్ధం. లోపల పెట్టుకుంటున్నామనాలా? ఎందుకని అడుగుతాడు. ఎందుకో ఎలా చెప్పను, నీకు భయపడి నాయనా అనా? నోటికి ఏదొస్తే అది వచ్చేసింది. "కుత్తే లే జాతే హై" అన్నాను. కుక్కలు ఎత్తుకుపోతున్నాయని.

అతను మెట్ల కిందికీ పైకీ చూశాడు. ఈ బిల్డింగులో కుక్కలా అన్నట్టు. తర్వాత "అచ్ఛా. మై దేఖ్‌తా హూఁ" అని దిగిపోయాడు. నేను చూస్తాలే అని. ఏం చూస్తాడు? కుక్కల్నా, మమ్మల్నా?

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మేం చేసిన తప్పేమీ లేదు. కానీ చెప్పులు దాచిన రోజు నుంచి మేం ఏదో దాస్తున్నవాళ్లమయ్యాం. కుక్కల మీద నెట్టిన క్షణం నుంచి నేను అబద్ధమాడేదాన్ని కూడా అయ్యాను. ఇదంతా బుర్రకి తెలుస్తూనే ఉంది. అయినా మళ్లీ గురువారం ఆ గోనె మిషన్ కింద పెట్టాను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. "కుక్కలని ఎందుకు సెప్పేవు?" అన్నాడు. నోటికొచ్చిందన్నాను. ఆయన చాలాసేపు టీ తాగాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. క్వార్టరు ఖాళీ చేసేలోగా ఏ గొడవా రాకూడదన్నది ఆయన భయం. భయాల్లో మా ఇద్దరికీ బాగా జత కుదిరింది. "పోనీ కొన్నాలు ఆపిస్తే పోదా?" అన్నాడు నెమ్మదిగా. అవునని నా నాలిక చివరిదాకా వచ్చింది.

ఎంత అరిచినా వినబడని అత్తకి ఆ మెల్లటి మాట ఎలా వినబడిందో మరి. "ఆపీండి. నాను మెట్లు దిగలేను. గుడికి ఎల్లలేను. ఆళ్లు నా కాడికి రాపోతే నాకింకేటున్నాది?" అంది. గొంతులో కోపం లేదు. అందుకని ఇద్దరం తలొంచుకున్నాం.

ఆ తర్వాత బుధవారం దీదీ పైకొచ్చింది. చేతిలో జాకెట్ గుడ్డ లేదు. వచ్చి అత్త మంచం మీద కూర్చుని ఒక్కసారిగా ఏడ్చేసింది. వాళ్ల అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. కడుపులో బిడ్డ ఎదగడం లేదట, కదలిక తక్కువగా ఉందట. ఆపరేషన్ చేయవలసి రావచ్చు, రక్తం సిద్ధంగా ఉంచుకోమన్నారట. పొద్దున లోపలికి పోనివ్వరు, సాయంత్రమే చూడనిస్తారట. ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పి, కళ్లు తుడుచుకుని, రేపు గురువారం కదా అంది. నేనూ వచ్చి ఒక మూల కూర్చుంటాను, ఈ అమ్మ పాట పాడితే వింటాను, నా కూతురి కోసం మీరందరూ మీ దేవుణ్ని అడగండి. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతోంది, అంది.

నాకు జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయమే. కొత్తవాళ్లని రానివ్వొద్దన్నారు. ఈవిడ వస్తే ఆ కుర్రాడు చూస్తాడు. కష్టంలో ఉన్న మనిషిని పట్టి పై ఇంటివాళ్లు తమలో కలిపేసుకుంటున్నారంటాడు. కాదని దీదీ చెబుతుంది, కానీ అలాంటప్పుడు దీదీని ఎవరడుగుతారు? ముల్లొచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది అరిటాకే. నా కళ్లకి మా మెట్లే కనబడ్డాయి, మా మెట్ల మీద చెదిరిన చెప్పులు, ఉత్తకాళ్లతో దిగుతున్న నేను.

"మేం తప్పకుండా ప్రార్థన చేస్తాం దీదీ" అన్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. టీ పెట్టాను. ఆవిడ సగం తాగి వెళ్లిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి అత్త అడిగింది. "రేపు రమ్మన్నావా?"

"సూద్దాం అత్తా."

"ఏటి సూస్తావు?"

సంఘపెద్ద చెప్పింది, వీడియో సంగతి, ఆ కుర్రాడి సంగతి అన్నీ మళ్లీ చెవిలో చెప్పాను. ఆవిడ అన్నీ విని, "ప్రభువు ఎనకాల నడుస్తన్నానంతావు. సెప్పులు గోనిలో ఎట్టుకుని ఏటి నడుస్తావే?" అని అటు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడకేం, మంచం మీద కూర్చుని ఎన్నయినా చెబుతుంది. తలుపు తీసేది నేను, మెట్ల మీద ఆ కుర్రాడికి జవాబు చెప్పేది నేను. చిన్నప్పటి నుంచి క్రీస్తు శిష్యురాలిగా బతకడమంటే నాకు తెలిసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆదివారం మానకూడదు. ఉపవాసం రోజున మెతుకు ముట్టకూడదు. తిట్టినవాళ్లని తిరిగి తిట్టకూడదు, ఇది నాకు ఎప్పుడూ సరిగా రాలేదు. క్రిస్మస్‌కి గాయక బృందం పిల్లలకి డబ్బు తీసుకోకుండా గౌన్లు కుట్టాలి. ఇవన్నీ చేశాను. మా ఇంటి తలుపు గడియ తియ్యడం కూడా అందులో ఒకటవుతుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించుకున్నానో లేదో తెలియదు, ప్రసంగంలో ఆ వాక్యాలు వస్తున్నప్పుడు మధ్యాహ్నం కూర ఏం చేయాలో ఆలోచించుకునేదాన్ని.

గురువారం వచ్చింది. మా ఆయన మొదటి షిఫ్టుకి వెళ్లాడు. ఒక్కొక్కరే వచ్చారు, చెప్పులు గోనెలో వేశారు, కింద చాప మీద సర్దుకున్నారు. నేను గడియ పెట్టాను. పైది కూడా పెట్టాను. పాట మొదలైంది, పాట అంటే పెదవులు కదిపేదే. రైల్వే ఆయన పెళ్లాం కిటికీ సందులోంచి కిందికి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కింద మెట్ల మొదట్లో ఆ కుర్రాడు కూర్చున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు, నేనెప్పుడూ చూడనివాళ్లు. బైకులు ఆపి ఉన్నాయి. మాట్లాడుకుంటూ మధ్య మధ్య పైకి చూస్తున్నారు.

ఒకావిడ బైబిలు తీసి కూరల సంచిలో పెట్టేసుకుంది. ఇంకొకావిడ, వెనక తలుపుందా అక్కా అని సైగ చేసింది. మొదటి అంతస్తుకి వెనక తలుపు ఎక్కడిది? ప్రభువా అనుకున్నాను గానీ ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది.

ఎవరూ కదల్లేదు. మళ్లీ చప్పుడైంది. ఆ చప్పుడు వినబడనిది అత్త ఒక్కర్తికే. పాట ఆగిపోయిందేమిటా అని అందరి మొహాలూ చూసి, మర్చిపోయారనుకుని, రెండో చరణం తనే ఎత్తుకుంది. పూర్తి గొంతుతో. నొక్కడానికి ఆవిడ మోకాలు నాకు దూరంగా ఉంది. ఇంకేం దాస్తాం?

లేచి వెళ్లాను. పై గడియ తీశాను, కింది గడియ రెండు చేతులతో లాగి తీశాను. సందు చేసి చూస్తే దీదీ. ఒక్కతే. స్నానం చేసి మంచి చీర కట్టుకుని వచ్చింది. ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడింది. ఖాళీ చోటులో ఆ ఒక్క జతే ఉంది.

"దరవాజా కాబర్ బంద్ హే దీదీ?" అంది. తలుపెందుకు మూసుకున్నారని. ఇన్నేళ్లూ కింద కూరగాయలు తరుక్కుంటూ మీ పాటలు వినేదాన్ని, ఈమధ్య వినబడటం లేదు, చెప్పులూ లేవు, మా మీద కోపం వచ్చి నాకు తెలియకుండా జరుపుకుంటున్నారేమో అనుకున్నాను, నన్ను రానివ్వరేమో అనుకున్నాను. ఆ మాటలు చెబుతూ ఆవిడ గుమ్మం దాటకుండా అక్కడే నిలబడింది.

అప్పటిదాకా మేం ఎవరికో భయపడి దాక్కున్నాం అనుకున్నాను. కింది ఇంట్లో ఆవిడ తనని చూసి దాక్కున్నాం అనుకుంది. తలుపు బార్లా తీశాను. దీదీ లోపలికొచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. అత్త పాడుతూనే ఆవిడ తల మీద చెయ్యి వేసింది.

తలుపు వేయబోయాను. గుమ్మం బయట దీదీ చెప్పులు. కిందున్నవాళ్లకి మెట్ల మలుపులోంచి కనబడేటట్టున్నాయి. అన్ని జతలు ఉండే చోట ఒక్క జత, అదీ ఆ కుర్రాడి మేనత్త చెప్పులు. లోపలికి తీసుకుందామని వంగాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. తీసుకున్నాక చేతులాడలేదు. మా చెప్పులు మేం దాచుకోవడం వేరు. ఈవిడ చెప్పులు దాస్తే, ఈవిడ మా ఇంటికి రావడమే తప్పన్నట్టవుతుంది. వదిలేస్తే ఆవిడ ఒక్కర్తే బయట నిలబడ్డట్టుంది, మేమందరం లోపల తలుపేసుకుని.

ధైర్యం వచ్చి చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ధైర్యం రాలేదు. దీదీ చెప్పులు మళ్లీ కింద పెట్టేసి, లోపలికెళ్లి, మిషన్ కింది గోనె చెవులు పట్టి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాను. ఒక్కొక్క జతా తీసి బయట పెట్టడం మొదలుపెట్టాను. కంగారులో ఒక చెప్పు జారి మెట్ల మీద దొర్లుకుంటూ మలుపు దాకా పోయింది. రైల్వే ఆయన పెళ్లాం ఎత్తు మడమల చెప్పు. లోపల ఆడవాళ్లు నాకు మతి పోయిందన్నట్టు చూస్తున్నారు.

కింది నుంచి అడుగుల చప్పుడు. ఆ కుర్రాడు మలుపు దాకా వచ్చాడు. నీలం గళ్ల చొక్కాయే వేసుకున్నాడు. ఒక చేతిలో ఫోను ఉంది. వంగి ఆ చెప్పు తీశాడు. నేను గోనె పట్టుకుని అలాగే ఉండిపోయాను. అతను నాలుగు మెట్లు ఎక్కి ఆ చెప్పుని దాని జత పక్కన పెట్టాడు. పక్కనే ఉన్న వాళ్ల మేనత్త చెప్పుల్ని చూశాడు, తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు. ఫోను అతని చేతిలో అలాగే పైకి ఉంది.

"కుత్తే, ఆంటీ?" అన్నాడు.

"కుత్తే నహీ హై బేటా" అన్నాను. "డర్ థా." కుక్కల్లేవు బాబూ, భయం వేసింది, అంతే. అంతకంటే నా హిందీకీ నాకూ చేతకాలేదు.

అతను కిందికి వెళ్లిపోయాడు.

తలుపు వేయలేదు. వెళ్లి దీదీ పక్కన కూలబడ్డాను. అత్త తెలుగులో ప్రార్థన చేసింది, దీదీకి సగమే అర్థమయ్యుంటుంది. ఆవిడకి అర్థమయ్యేలా ఎవరైనా హిందీలో చేస్తే బాగుండుననిపించి, ఎవరూ మొదలుపెట్టకపోతే నేనే మొదలుపెట్టాను. నా హిందీలో ఆడామగా తేడా ఉండదు, మార్కెట్‌లో అందరూ నవ్వుతారు. ఆ అమ్మాయిని అబ్బాయిని చేసేసి మాట్లాడాను. ప్రభూ, ఈవిడకి భయంగా ఉంది, నాకూ భయంగా ఉంది, ఆ పిల్లకి ఎంత భయంగా ఉందో, బిడ్డని బతికించు. అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు. దీదీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, గట్టిగానే, తలుపు తీసి ఉన్నా.

కూడిక అయ్యాక ఎవరి చెప్పులు వాళ్లకి ఉన్నాయి. దీదీ కిందికి దిగగానే ఆ కుర్రాడు ఆవిణ్ని బైకు ఎక్కించుకున్నాడు. మిగతా ఇద్దరూ వాళ్ల వెనకాలే వెళ్లారు. ఆ ఇద్దరూ ఆస్పత్రిలో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లని, దీదీ కోసమే మెట్ల దగ్గర కాచుకుని కూర్చున్నారని తర్వాత తెలిసింది. అది విన్నప్పుడు నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎందుకంటే అతను మంచి పని మీద కూర్చున్నాడన్నది నిజమే, ఆ వీడియోలోది అతనే కావడమూ నిజం కావచ్చు. ఆ రోజు ఫోనుతో మా ఇంటి ఫోటో తీశాడో, ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నాడో నాకిప్పటికీ తెలియదు. ఎవరైనా కొత్త వీడియో పంపితే ముందు మా మెట్లున్నాయేమో అని చూస్తాను.

దీదీ కూతురికి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. బాగా చిన్నగా పుట్టింది, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. దీదీ మిఠాయి పట్టుకుని బిల్డింగంతా తిరుగుతూ, పైన అమ్మ ప్రార్థన వల్లే, పైన అమ్మ ప్రార్థన వల్లే అని గుమ్మం గుమ్మానికీ చెప్పడం మొదలుపెట్టింది. పరుగున వెళ్లి, దీదీ, నీకు దండం పెడతా, డాక్టర్ల వల్ల అని చెప్పు, రక్తం ఇచ్చినవాళ్ల వల్ల అని చెప్పు, అని బతిమాలాను. ఆవిడ నాకేసి వింతగా చూసి, అందరి వల్లా అని చెబుతాలే అంది.

సంఘపెద్దకి సంగతి తెలిసింది. ఆదివారం నన్ను పక్కకి పిలిచాడు. "నీ ఒక్కదాని ఇల్లయితే నీ ఇష్టం అమ్మా. ఆ రోజు లోపల అంతమంది ఆడవాళ్లున్నారు. వాళ్లకేమైనా అయితే?" అన్నాడు. ఆయన మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. తర్వాతి వారం కూడికకి కొందరు రాలేదు. వాళ్లనీ నేనేమీ అనుకోలేదు. నేనే వాళ్లయితే రాను.

ఇప్పుడు గురువారం వస్తే పొద్దున నుంచే అన్నం సహించదు. కింద బైకు ఆగిన చప్పుడైతే కత్తెర చేతిలోంచి జారిపోతుంది. భయం పోతుందని ఎదురుచూశాను, పోలేదు. దాంతోనే చాప పరుస్తాను, దాంతోనే కిటికీలు తీస్తాను. దీదీ మనవరాల్ని ఎత్తుకుని అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది, పాట అయ్యాక వెళ్లి తులసి దగ్గర దీపం పెట్టుకుంటుంది.

వచ్చేవాళ్లలో ఎవరూ ముందుగా బయట చెప్పులు విడవడానికి ఇష్టపడటం లేదని రెండో వారమే గమనించాను. చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తున్నారు. అందుకని వాళ్లు రాకముందే ఒక పని చేస్తాను. ఇంట్లో ఉండేదాన్ని, ఎక్కడి నుంచీ రాను, ఎక్కడికీ పోను. అయినా నా చెప్పులు తీసుకెళ్లి గుమ్మం బయట, మెట్ల మలుపులోంచి కనబడే చోట పెట్టి వస్తాను. ఎవరైనా వచ్చి చెదరగొడితే మొదట నావే చెదరాలి.

లోపల కుర్చీలోంచి అత్త అడుగుతుంది. "నీయి ఎట్టినావా?"

"ఎట్టేను అత్తా."

"అయితే తలుపు తీసి ఉంచు."